'మేడ్ ఇన్ జర్మనీ' ముద్ర కథ: బ్రిటిష్ చట్టంలో నిజంగా ఏముంది, ఇవాళ దానికి అర్థమేంటి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఆన్‌లైన్‌లో వంటింటి కత్తుల సెట్ కొన్నారు. డబ్బా ముందువైపు నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండా, పక్కనే 'జర్మన్ ఇంజినీరింగ్' అని పెద్దక్షరాలు. వెనక్కి తిప్పితే దిగుమతిదారు అంటించిన చిన్న స్టిక్కర్, అందులో 'కంట్రీ ఆఫ్ ఆరిజిన్: చైనా'. ఇంతలో వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. 'బ్రిటిష్‌వాళ్లు జర్మన్లను అవమానించడానికి ప్రతి జర్మన్ వస్తువు మీదా మేడ్ ఇన్ జర్మనీ అని కొట్టించారు, ఆ అవమానాన్నే జర్మన్లు కిరీటం చేసుకున్నారు' అని. ఆ కథ నిజమేనా, ఆ ముద్రకి ఇవాళ విలువుందా, నేను మోసపోయానా అని అడిగారు.

దిగుమతి సరుకుకి కస్టమ్స్ క్లియరెన్స్ చేయించే పనిలో చాలాకాలంగా ఉన్నాను, మొదట విశాఖలో, తర్వాత హైదరాబాద్‌లో. నా బల్ల మీదికొచ్చే తగాదాల్లో సగం ఈ 'ఆరిజిన్' గడి గురించే. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ఫార్వర్డ్‌లో ముప్పావు వంతు నిజం. మిగతా పావు ఎవరో రక్తి కట్టించడానికి కలిపింది. ముద్రకి విలువ ఉంది, కాకపోతే అందరూ అనుకునే చోట లేదు. మోసపోయారా లేదా అన్నది తేలాలంటే మీరు ఇంకో రెండు చోట్ల చూడాలి, అది చివర్లో చెప్తాను.

1870ల నాటికి కత్తి, కత్తెర, ఆకురాయి అంటే ప్రపంచమంతటికీ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరే. ఆ ఊళ్లో కత్తుల పనివాళ్ల సంఘం, కట్లర్స్ కంపెనీ, 1624 నుంచి ఉంది. ఎవరు ఏ ముద్ర కొట్టుకోవచ్చో అదే చూసుకునేది. జర్మనీలో ఇదే పనికి పేరున్న ఊరు సోలింగెన్. అక్కడి కత్తులకి మధ్యయుగాల నుంచీ గిరాకీ ఉంది, అందుకే దాన్ని దొంగసరుకు ఊరు అనుకోవద్దు. కానీ 1870లు, 80లలో అక్కడ కొందరు అడ్డదారి పట్టారు. మంచి కత్తెర చేయాలంటే ఉక్కుని కాల్చి, సాగగొట్టి, నీళ్లు పట్టించి, సాన పెట్టాలి. వీళ్లు పోత ఇనుముతో అచ్చుపోసి, పైన మెరుగు పెట్టి, దాని మీద 'షెఫీల్డ్' అని కొట్టి పంపేవాళ్లు. కొత్తలో రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలియదు. వాడకంలో తెలుస్తుంది: పోత సరుకు అంచు తొందరగా పోతుంది, మళ్లీ సాన పెట్టినా నిలవదు. అప్పుడు తిట్లు తినేది షెఫీల్డ్.

జర్మన్ సరుకు నాసిరకమని ముందుగా గట్టిగా అన్నది బ్రిటిష్‌వాళ్లు కూడా కాదు. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానికి జర్మనీ తరఫున వెళ్లిన బెర్లిన్ ప్రొఫెసర్ ఫ్రాంజ్ రులో, యంత్రశాస్త్రంలో అప్పటికే పెద్ద పేరు, అక్కడి నుంచి జర్మన్ పత్రికకి ఉత్తరాలు రాశాడు. మన సరుకుల సూత్రమల్లా 'చవక, నాసి' అన్నట్టుంది అని అందులో ఉతికి ఆరేశాడు. స్వదేశంలో పెద్ద దుమారం లేచింది. ఆ మంట వల్లే జర్మన్ పరిశ్రమ కళ్లు తెరిచిందని అక్కడి చరిత్రకారులు ఇప్పటికీ రాస్తారు. అదొక్కటే కారణం కాదనుకోండి, ఆ సంగతికి వస్తాను.

షెఫీల్డ్ వాళ్లు లండన్‌లో గట్టిగా ఒత్తిడి తెచ్చారు. అంతర్జాతీయంగా చూసుకుందామంటే కుదిరేది కాదు. పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల లాంటి పారిశ్రామిక హక్కుల మీద 1883లో పారిస్ ఒప్పందం కుదిరినా జర్మనీ అందులో చేరింది 1903లో. దాంతో బ్రిటిష్ పార్లమెంటు సొంత చట్టమే చేసుకుంది. అదే 1887 ఆగస్టు 23న వచ్చిన మర్చండైజ్ మార్క్స్ యాక్ట్.

ఇప్పుడు ఫార్వర్డ్‌లో తప్పిన పావు వంతు. ఆ చట్టం ప్రతి జర్మన్ వస్తువు మీదా 'మేడ్ ఇన్ జర్మనీ' కొట్టమని చెప్పలేదు. జర్మనీ అన్న పేరే లక్ష్యంగా అందులో లేదు, విదేశీ సరుకు అంతటికీ ఒకే రూలు. ఆ రూలు ఏమిటంటే: బయట తయారైన వస్తువు మీద బ్రిటన్‌లోని తయారీదారుడిదో, వ్యాపారిదో పేరు గానీ ట్రేడ్‌మార్క్ గానీ ఉంటే, అది ఏ దేశంలో తయారైందో కూడా స్పష్టంగా ఉండాలి. లేకపోతే దిగుమతి నిషేధం. దాంతోపాటు తప్పుడు వర్ణన ఏదున్నా నేరం, అందులో తయారైన చోటు గురించి అబద్ధం కూడా వస్తుంది. అంటే జర్మన్ కంపెనీ తన సొంత పేరుతో, ఎవరినీ ఏమార్చకుండా ఒక పియానో పంపితే దానికి ఆ ముద్ర అక్కర్లేదు.

మరి అన్నింటి మీదికీ ఎందుకు పాకింది? నాలాంటి పని చేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సరుకు రేవులో ఆగిపోతే నష్టం ఎక్స్‌పోర్టర్‌ది. లండన్ వ్యాపారి తన షాపు పేరు సరుకు మీద వేయించుకోవాలనుకుంటే, అది బ్రిటిష్ పేరే కదా, రూలు పట్టేస్తుంది. ఏ పెట్టెలో ఏ ఇంగ్లిష్ పేరు ఉందో, ఏ కస్టమ్స్ అధికారికి ఏ అనుమానం వస్తుందో ఎవడు చూస్తాడు? అన్నింటి మీదా 'మేడ్ ఇన్ జర్మనీ' కొట్టేస్తే టెన్షన్ ఉండదు. ఇవాళ కూడా అవసరం లేని డిక్లరేషన్ ఒకటి అదనంగా జత చేసి పంపే ఎక్స్‌పోర్టర్లని రోజూ చూస్తున్నాను, లెక్క అదే.

ఇందులో మనకీ వాటా ఉందని చాలామందికి తెలియదు. ఆ చట్టానికి తోబుట్టువులాంటిది రెండేళ్లకే ఇక్కడికి వచ్చింది, 1889 నాటి ఇండియన్ మర్చండైజ్ మార్క్స్ యాక్ట్. సీ కస్టమ్స్ యాక్ట్‌లో కూడా అదే రూలు చేరింది: బ్రిటన్ లేదా బ్రిటిష్ ఇండియా వ్యాపారి పేరున్న విదేశీ సరుకు మీద, అది బయట తయారైందని స్పష్టంగా ఉండాలి. గుడ్డ తానుల మీద పొడవు ఎన్ని గజాలో ఇంగ్లిష్ అంకెల్లో అచ్చు వేయాలన్న రూలు కూడా ఇందులోదే. తానులో గజాలు కోసేసే వ్యాపారులు అన్ని దేశాల్లోనూ ఉండేవాళ్లు మరి. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో చేసిన ట్రేడ్ అండ్ మర్చండైజ్ మార్క్స్ యాక్ట్ దీని స్థానంలోకి వచ్చింది. మద్రాసు, బొంబాయి రేవుల్లో దిగిన జర్మన్ కత్తెరల మీదా సూదుల మీదా ఆ ముద్ర పడిందంటే వెనక ఈ చట్టం కూడా ఉంది.

ఇక అసలు మలుపు. తిట్టబోతే దీవెన అయిందని అందరూ చెప్తారు, ఎలా అయిందో మాత్రం చెప్పరు.

చట్టం రాకముందు ఆస్ట్రేలియాలోనో కలకత్తాలోనో ఉన్న వ్యాపారి లండన్ ఏజెంటు దగ్గర సరుకు కొనేవాడు. అది ఎక్కడ తయారైందో అతనికి తెలియదు, ఏజెంటు చెప్పడు. జర్మన్ సరుకు లండన్ ముద్రతో వచ్చేది, మధ్యలో కమీషన్ లండన్‌ది. చట్టం వచ్చాక ప్రతి పెట్టె మీదా 'మేడ్ ఇన్ జర్మనీ' కనపడటం మొదలైంది. ధర బాగుంది, సరుకు బాగుంది, పైగా అసలు ఎక్కడ చేస్తున్నారో కూడా తెలిసిపోయింది. ఇంక లండన్ ఏజెంటు దేనికి? నేరుగా హాంబర్గ్‌కి ఉత్తరం రాస్తే సరిపోతుంది. షెఫీల్డ్ వాళ్లు పోరాడి సాధించుకున్న చట్టం వాళ్ల పోటీదారుకి ఊరూరా ఉచితంగా ప్రచారం చేసిపెట్టింది. ఆ మాట అప్పట్లోనే బ్రిటన్‌లో విమర్శకులు అన్నారు.

కానీ సరుకు బాగాలేకపోతే ఆ ప్రచారమే కొంప ముంచేది. అక్కడే జర్మనీ చేసిన పని చెప్పుకోవాలి. ట్రేడ్‌మార్కుల చట్టం 1874లో, పేటెంట్ చట్టం 1877లో వచ్చాయి. ఇంజినీరింగ్ కాలేజీలు బలపడ్డాయి, రసాయన కంపెనీలు సొంత ల్యాబుల్లో పట్టభద్రులని పెట్టుకున్నాయి. బ్రిటిష్ చట్టం వచ్చిన ఆ 1887లోనే బెర్లిన్ పక్కన చార్లొటెన్‌బుర్గ్‌లో కొలతల జాతీయ సంస్థ మొదలైంది. దాని వెనక వెర్నర్ ఫాన్ సీమెన్స్ పట్టుదల ఉంది, మొదటి అధిపతి హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్. థర్మామీటరు, విద్యుత్ మీటరు, కొలత పరికరాలు పరీక్షించి ధ్రువీకరించడం అక్కడి పని. లేబుల్ గొడవలో దీన్ని ఎవరూ తలుచుకోరు గానీ, నన్నడిగితే ముద్రకి బరువు తెచ్చింది ఇలాంటి సంస్థలే. ప్రమాణాల సంస్థ 'డిన్' 1917లో వచ్చింది. మన వర్క్‌షాపుల్లో ఇప్పటికీ 'డిన్ బోల్టు' అని అడుగుతారు కదా, అదే.

ఆ ఎదుగుదల దెబ్బ మనవాళ్లకీ తగిలింది. మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు పండే జిల్లాల్లో కడప, కర్నూలు, నెల్లూరు ముఖ్యమైనవి. నీలి మొక్కని తొట్లలో నానబెట్టి, చిలికి, అడుగున దిగిన ముద్దని గడ్డలుగా ఆరబెట్టి అమ్మేవారు. ఒక్కో గడ్డలో రంగు ఒక్కోలా ఉండేది, నాణ్యత వాన మీదా నీళ్ల మీదా పనివాడి చేతి మీదా ఆధారపడేది. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్‌ఎఫ్ రసాయన నీలిమందు మార్కెట్లోకి తెచ్చింది. డబ్బా ఎప్పుడు తెరిచినా ఒకే గాఢత. అద్దకంవాడికి కావలసింది అదే. కొద్ది ఏళ్లలో సహజ నీలిమందు వ్యాపారం కుప్పకూలింది. 1914లో యుద్ధం వచ్చి జర్మన్ రంగులు ఆగిపోయినప్పుడు మన నీలిమందు కొన్నాళ్లు తల ఎత్తింది, యుద్ధం అయ్యాక మళ్లీ పడింది. బిహార్‌లో చంపారన్ గొడవ అందరికీ తెలుసు, కడప నీలి తొట్ల సంగతి మన దగ్గర కూడా పెద్దగా ఎవరూ రాయరు.

1896 నాటికి బ్రిటన్‌లో భయం ఎంతగా ముదిరిందంటే, ఎర్నెస్ట్ విలియమ్స్ అనే ఆయన సరిగ్గా ఈ ముద్ర పేరునే పుస్తకం పేరుగా పెట్టి, ఇంగ్లిష్ ఇళ్లలోకి జర్మన్ సరుకు ఎలా చొరబడిందో ఏకరువు పెట్టాడు. తొమ్మిదేళ్ల క్రితం హెచ్చరిక, ఇప్పుడు బెంబేలు.

అమెరికా కూడా ఆ దారే పట్టింది, ఇంకాస్త కఠినంగా. 1890 మెకిన్లీ టారిఫ్ చట్టం ప్రకారం 1891 మార్చి నుంచి విదేశీ సరుకు మీద దేశం పేరు ఇంగ్లిష్‌లో ఉండాల్సిందే, ఎవరినైనా ఏమార్చినా ఏమార్చకపోయినా. పాత పింగాణీ సేకరించేవాళ్లు వస్తువు వయసు కట్టేది దీనితోనే. జపాన్ సరుకు మీద మొదట 'నిప్పాన్' అని ఉండేది, 1921లో అమెరికన్ కస్టమ్స్ అది చెల్లదని 'జపాన్' అనే వేయించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొన్నేళ్లు 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్'. ఆ ముద్రతో ఉన్న పింగాణీ బొమ్మలకి ఇవాళ వేరే గిరాకీ.

జర్మనీకీ అదే గతి పట్టింది. 1945 తర్వాత దేశం నాలుగు ముక్కలైంది, ముద్ర కూడా ముక్కలైంది. బొమ్మల మీద 'యూఎస్ జోన్ జర్మనీ', తూర్పున చేసిన కొన్ని కెమెరాల మీద 'జర్మనీ, యూఎస్ఎస్ఆర్ ఆక్యుపైడ్'. 1949లో రెండు దేశాలు ఏర్పడ్డాక అసలు చిక్కు మొదలైంది. 'జర్మనీ' అన్న పేరు ఎవరిది? పశ్చిమంలో చాలామంది 'మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ' అని కొట్టుకున్నారు, తూర్పు సరుకు మీద తర్వాత్తర్వాత 'మేడ్ ఇన్ జీడీఆర్' (తూర్పు జర్మనీ అధికారిక పేరుకి పొట్టి రూపం) వచ్చింది. కటకాల కంపెనీ కార్ల్ జైస్ అయితే నిలువునా చీలింది. దాని సొంతూరు యేనా సోవియట్ వైపు పడబోతుందని తెలిసి, అమెరికన్ సైన్యం వెనక్కి వెళ్తూ అక్కడి నిపుణులని, మేనేజర్లని పశ్చిమానికి తరలించింది. వాళ్లు ఓబర్‌కోఖెన్‌లో కొత్తగా ఫ్యాక్టరీ పెట్టారు. రెండు కంపెనీలూ మేమే అసలు జైస్ అంటూ దేశదేశాల కోర్టుల్లో కొట్లాడుకుని, 1971లో లండన్‌లో రాజీకి వచ్చి, ఏ దేశంలో ఎవరు ఏ పేరుతో అమ్మాలో పంచుకున్నాయి. 1990లో దేశం ఒకటయ్యాక పాత 'మేడ్ ఇన్ జర్మనీ' తిరిగి వచ్చింది.

ఇక ఇవాళ్టి సంగతి. చాలామంది ఐఎస్‌ఐ మార్కులాగా దీన్ని కూడా ఎవరో పరీక్షించి ఇస్తారనుకుంటారు. అదేం లేదు. 'మేడ్ ఇన్ జర్మనీ' అని వేసుకోవడానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు, తయారీదారుడు తన బాధ్యత మీద తానే వేసుకుంటాడు. తప్పుగా వేస్తే అన్యాయ పోటీ చట్టం కింద పోటీదారుడో వినియోగదారుల సంఘమో లాయర్ నోటీసు ఇచ్చి కోర్టుకి లాగుతారు. జర్మన్ పోటీదారులు ఈ విషయంలో ఒకరినొకరు వదలరు. దిగుమతిలో పట్టుబడితే అక్కడి కస్టమ్స్ ఆపేస్తుంది. నాణ్యత మంచిదా కాదా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా రాదు, చోటు నిజమా కాదా అన్నదొక్కటే.

చోటు అంటే ఏది? ఇప్పుడు ఒక వస్తువు నాలుగు దేశాలు తిరిగి వస్తోంది. జర్మన్ కోర్టులు అడిగేది ఇదీ: కొనేవాడు ఏ గుణాల కోసం ఆ వస్తువుని కొంటున్నాడో, ఆ గుణాలు దానికి వచ్చిన పని ఎక్కడ జరిగింది? రెండు కేసులు చెప్తాను, మొదటిది మీకు నేరుగా పనికొస్తుంది.

2011లో డ్యూసెల్‌డార్ఫ్ హైకోర్టుకి ఒక కట్లరీ సెట్ వచ్చింది. చెంచాలు, ఫోర్కులు జర్మనీలో చేసినవి. కత్తుల ముడి రూపం చైనాలో తయారైంది. సెట్ మొత్తాన్నీ జర్మనీలో తయారైందని ప్రచారం చేశారు. కుదరదంది కోర్టు. సెట్‌గా కొనేవాడు కత్తులు కూడా అక్కడివే అనుకుంటాడు కదా.

రెండోది కండోముల కేసు. ముడి రబ్బరు తొడుగులు వేరే దేశం నుంచి వచ్చేవి. జర్మనీలో వాటిని పరీక్షించి, కొన్నింటికి తడి పూత పెట్టి, ప్యాక్ చేసి సీలు వేసేవారు. మా పరీక్షలు కఠినంగా ఉంటాయి, నమ్మకం వచ్చేది అక్కడే అని కంపెనీ వాదన. హామ్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2014 నవంబరులో ఫెడరల్ కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. పరీక్ష చేసినంత మాత్రాన తయారు చేసినట్టు కాదు, వస్తువు రూపుదిద్దుకున్న ముఖ్యమైన పని జర్మనీలో జరగాలి అని. నాకు ఈ తీర్పు సబబుగానే అనిపిస్తుంది. లేకపోతే ప్యాకింగ్ షెడ్డు ఉన్న ప్రతివాడూ ఆ ముద్ర కొట్టుకుంటాడు.

సోలింగెన్ మాత్రం ఇంతకంటే గట్టి ఏర్పాటు చేసుకుంది. ఒకప్పుడు షెఫీల్డ్ పేరు వాడుకున్న ఊరే 1938లో తన పేరుకి ప్రత్యేక చట్టం తెచ్చుకుంది, 1994లో దాని చోట కొత్త నిబంధనలు వచ్చాయి. కత్తి మీద 'సోలింగెన్' అని ఉండాలంటే ముఖ్యమైన తయారీ దశలన్నీ ఆ ప్రాంతంలోనే పూర్తవ్వాలి, లోహం కూడా ఆ పనికి తగినదై ఉండాలి. వంటింటి కత్తి విషయంలో 'మేడ్ ఇన్ జర్మనీ' కంటే ఈ ఒక్క మాటే బలమైనది.

కస్టమ్స్ వాళ్ల లెక్క మళ్లీ వేరు, ఇక్కడే మావాళ్లకి తలనొప్పి. యూరోపియన్ కస్టమ్స్ చట్టంలో ఒక వస్తువు పుట్టిన దేశం అంటే చివరి గణనీయమైన, ఆర్థికంగా అర్థమున్న మార్పు జరిగిన దేశం. లేబుల్‌కి కోర్టు చూసేది కొనేవాడి నమ్మకం, కస్టమ్స్ చూసేది ప్రాసెసింగ్. ఒకే యంత్రం ఒక లెక్కలో జర్మనీదై, ఇంకో లెక్కలో కాకపోవచ్చు. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్ ఇస్తుంది, దాని మూడో గడిలో దేశం ఉంటుంది. దిగుమతికి మనం కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, బిల్ ఆఫ్ ఎంట్రీలో పుట్టిన దేశం వేరు, సరుకు బయల్దేరిన దేశం వేరు, రెండూ విడివిడిగా నింపాలి. హాంబర్గ్‌లో ఓడెక్కింది కాబట్టి జర్మనీ సరుకే అని వాదించే ఇంపోర్టర్లు ఇప్పటికీ తగులుతుంటారు. పంప్ మీద ముద్ర జర్మనీ, సర్టిఫికెట్‌లో చైనా అని వచ్చిన కన్‌సైన్‌మెంట్ ఒకటి, ఏది నిజమో తేలేదాకా గోడౌన్‌లో పడుంది. సరుకు ఆగినందుకు కట్టాల్సిన డెమరేజ్ రోజురోజుకీ పెరుగుతుంటే ఇంపోర్టర్ మాకు ఫోన్లు చేసి అరవడమే, అక్కడి అమ్మకందారు మాత్రం తీరిగ్గా జవాబిచ్చాడు.

యూరప్‌లో ఈ గొడవ పై స్థాయికీ వెళ్లింది. ఆహారేతర వస్తువులన్నింటి మీదా దేశం పేరు తప్పనిసరి చేద్దామని 2013లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది. ఇటలీ లాంటివి గట్టిగా కావాలన్నాయి. అడ్డుపడిన వాటిలో ముందున్నది జర్మనీ! విచిత్రంగా ఉందా? కస్టమ్స్ లెక్క తప్పనిసరైతే, బయటి నుంచి భాగాలు తెచ్చుకునే తమ కంపెనీలు చాలా వాటికి ఆ ముద్ర పోతుందని అక్కడి పరిశ్రమ భయం. అది ఏళ్ల తరబడి నానింది. చివరికి 2023లో చేసి 2024 డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చిన ఉత్పత్తుల భద్రత నిబంధనల్లో ఆ రూలు లేకుండానే పోయింది.

వేరే దేశాల సంగతి రెండు ముక్కల్లో. స్విట్జర్లాండ్ 2017 నుంచి లెక్కతో కట్టేసింది: పారిశ్రామిక వస్తువైతే తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడే కావాలి, వాచీకైతే దానిపైన లోపలి యంత్రం స్విస్‌దై ఉండాలి, కేసులో బిగింపు, చివరి తనిఖీ కూడా అక్కడే జరగాలి. అమెరికాలో పక్కన ఏ షరతూ చేర్చకుండా ఉత్తగా 'మేడ్ ఇన్ యూఎస్‌ఏ' అంటే దాదాపు మొత్తం అక్కడిదై ఉండాలి, 2021 నుంచి తప్పితే జరిమానా వేసే రూలు ఉంది. అన్నట్టు, అమెరికాని మోసం చేయడానికి జపాన్‌వాళ్లు ఒక ఊరికి 'ఉసా' (ఇంగ్లిష్‌లో రాస్తే USA) అని పేరు మార్చారన్న ఫార్వర్డ్ కూడా మీకు వచ్చే ఉంటుంది. అది ఉత్త కల్పన. ఉసా శతాబ్దాల నాటి పుణ్యక్షేత్రం.

ఇంత బలమైన ముద్రకి మచ్చ పడలేదా అంటే పడింది. 2015 సెప్టెంబరులో వోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల పొగ పరీక్షల మోసం బయటపడింది. అయినా రెండేళ్లకి 52 దేశాల్లో గణాంకాల సంస్థ స్టాటిస్టా చేసిన సర్వేలో 'మేడ్ ఇన్' ముద్రల్లో జర్మనీదే మొదటి స్థానం. జనం కార్ల కుంభకోణాన్ని ఒక కంపెనీ ఖాతాలో వేసి, ముద్రని విడిగా ఉంచారనే అనుకోవాలి.

ఇక మీ డబ్బా. 'జర్మన్ ఇంజినీరింగ్', 'డిజైన్డ్ ఇన్ జర్మనీ', 'జర్మన్ టెక్నాలజీ', జెండా బొమ్మ, ఇవేవీ తయారైన చోటు గురించి చెప్పవు. చెప్పకుండా చెప్పినట్టు అనిపించడానికే అవి ఉన్నాయి. 'జర్మన్ స్టీల్' అన్నది ఇంకాస్త తెలివైన మాట. దాని వెనక తరచూ ఉండేది 1.4116 అనే ఉక్కు రకం, మంచి వంటింటి కత్తులకి బాగా వాడేదే. కానీ అది ఒక గ్రేడ్ నంబరు మాత్రమే, ఆ మిశ్రమం ఏ దేశంలోనైనా కరిగించవచ్చు. బ్రాండ్ కూడా హామీ కాదు. 1731 నాటి సోలింగెన్ కంపెనీ జ్విల్లింగ్ తన మియాబి కత్తులని జపాన్‌లోని సెకిలో చేయిస్తుంది, ఆ సంగతి చెప్పే అమ్ముతుంది, ఆ కత్తులు గొప్పగా ఉంటాయి కూడా. మన పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు చూడండి, అందులో వెండి లేదు, అది రాగి, నికెల్, జింకు కలిపింది. చైనా వాళ్ల లోహాన్ని చూసి 1820లలో జర్మన్లు చేసిన నకలు అది.

నమ్మాల్సింది ఆ చిన్న స్టిక్కర్‌ని. మన లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం దిగుమతి ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, నెల, సంవత్సరంతో పాటు దేశం ఉండాలి. ఒక మెలిక గుర్తుంచుకోండి: నిబంధనలో ఉన్నది 'పుట్టిన లేదా తయారైన లేదా బిగించిన దేశం' అని. ఆ 'లేదా' వల్ల కొందరికి వెసులుబాటు దొరుకుతుంది. అయినా దిగుమతిదారు చట్టప్రకారం తన పేరు పెట్టి వేసిన మాట కాబట్టి, జెండా బొమ్మ కంటే దాని విలువ చాలా ఎక్కువ.

మీరు చూడాల్సిన మొదటి చోటు కత్తి పిడి దగ్గర, అలుగు మీద చెక్కిన ముద్ర. అక్కడ 'సోలింగెన్' గానీ 'మేడ్ ఇన్ జర్మనీ' గానీ ఉండి స్టిక్కర్ మీద చైనా అని ఉంటే, రెండింట్లో ఒకటి అబద్ధమయ్యే అవకాశమే ఎక్కువ, వెంటనే వాపసు పెట్టండి. రెండో చోటు మీరు కొన్న వెబ్‌సైట్ పేజీ. 2018 జనవరి నుంచి ఆన్‌లైన్ లిస్టింగ్‌లో కూడా దేశం చూపించాలి, 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు దాన్ని ఇంకా గట్టి చేశాయి. పేజీలో 'కంట్రీ ఆఫ్ ఆరిజిన్: జర్మనీ' అని ఉందా? అమ్మకందారు దాన్ని మార్చకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి, స్టిక్కర్ ఫొటో జతచేసి రిటర్న్ పెట్టండి, ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. పేజీలో చైనా అనే ఉండి మీరు జెండా చూసి కొన్నారంటే, దేశం విషయంలో వాళ్లు నిజం చెప్పినట్టే. జెండా తప్పుదారి పట్టించే ప్రకటన అని 2019 వినియోగదారుల చట్టం కింద వాదించవచ్చు గానీ, ఒక కత్తుల సెట్ కోసం ఆ తిరుగుడు పెట్టుకోమని నేను చెప్పను.

ఆ రెండో సందర్భమే అయితే కత్తుల గట్టిదనం ఎంతో అమ్మకందారుని అడగండి. రాక్‌వెల్ (ఉక్కు గట్టిదనం కొలిచే స్కేలు) 55 నుంచి 58 మధ్య చెప్పి, ఉక్కు గ్రేడ్ కూడా చెప్పగలిగి, ధర చైనా సరుకు ధరలాగే ఉంటే ఉంచేసుకోండి. జర్మనీ ధర తీసుకుని ఈ రెండూ చెప్పలేకపోతే రిటర్న్ గడువు దాటకముందే పంపేయండి.